యిల్లు – అర్హత – అప్పు

గ్రామాల్లో ప్రభుత్వం యిచ్చే యిళ్ళ గురించి మన సాహిత్యపరులు రాయటం అరుదు. అది తహసీల్దారు కచేరీ వ్యవహారమనీ, పంచాయతీ రాజకీయమనీ, మహా అయితే విలేఖరి పని అనీ మనలో చాలామందికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. కొందరు మిత్రులు యింకొక మెట్టు పైకెక్కి, “యిళ్ళ సమస్య పెట్టుబడిదారీ సమాజం పోనిదే పోదు; 1872లోనే ఏంగెల్సు యీ సంగతి తేల్చాడు. యిళ్ళ జాబితాల వెంటబడి తిరగటం సంస్కరణవాదం” అని తీర్పు యిస్తున్నారు. మొదటివారు యీ విషయాన్ని మరీ చిన్నది చేసి వదిలేస్తున్నారు. రెండవవారు మరీ పెద్దది చేసి వదిలేస్తున్నారు. వదిలేయటంలో మాత్రం యిద్దరికీ తేడా లేదు.

నేను పాఠం చెప్పేది తెలుగు సాహిత్యం. యిళ్ళ నిబంధనలలో నాకు ప్రత్యేక పాండిత్యమేమీ లేదు. అయితే 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్న రోజుల్లో, మా విద్యార్థులు కొందరితో కలిసి తిరుమలాయపాలెం మండలంలోని వూళ్ళలో, తండాల్లో కూర్చుని కాగితాలు నింపాను. ఆ కాగితాలు యెటు పోయాయో, యే గుమ్మం దగ్గర ఆగాయో అప్పటినుంచీ గమనిస్తూ వచ్చాను. రాష్ట్రం మొత్తం మీద యిళ్ళ కోసం వచ్చిన దరఖాస్తులు సుమారు 80 లక్షలు. వాటిలోంచి అర్హులను ఏరి తీయటానికి ప్రభుత్వం పెట్టుకున్న జల్లెడను గురించే యీ వ్యాసం. ఆ జల్లెడ పేదరికాన్ని కొలవటం లేదని నా వాదన. అది కొలుస్తున్నవి రెండే రెండు: చేతిలో స్థలం కాగితం వుందా? ముందుగా డబ్బు పెట్టి పని మొదలుపెట్టగలవా? యీ రెండూ లేనివాడే నిజానికి యిల్లు లేనివాడు. జల్లెడలోంచి కిందికి జారిపోయేదీ వాడే.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగు పంతులుకు అదొక దురలవాటు. ‘అర్హత’ అనే మాటకు మూలమైన ధాతువుకు యోగ్యత అనీ, పూజ అనీ అర్థాలున్నాయి. యిల్లు లేకపోవటం ఒక యోగ్యత ఎట్లా అవుతుంది? ‘లబ్ధిదారు’ అన్న మాట చూడండి. సంస్కృతపు లబ్ధికి పారశీకపు దారును అతికించి, యెవరో యిస్తే పుచ్చుకునే మనిషిని తయారుచేశారు. హక్కుదారు అన్న మాట మన భాషలో తరాలుగా వుండగానే యీ కొత్త నాణెం ముద్రించవలసి వచ్చింది. వూళ్ళో జనం మాత్రం యీ రెంటినీ పట్టించుకోరు. వాళ్ళు అన్నిటినీ ‘లోను’ అంటారు. “సారూ, మాకు లోను వచ్చిందా?” అని అడుగుతారు. ప్రభుత్వం యిది లోను కాదు, అయిదు లక్షల ఉచిత సాయం అంటుంది. యెవరి మాట నిజం? జనం మాటే నిజమని కొంచెం ముందుకు పోతే తెలుస్తుంది.

2024 మార్చి 11న భద్రాచలంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి యిందిరమ్మ యిళ్ళ పథకాన్ని ప్రారంభించారు. నియోజకవర్గానికి 3,500 చొప్పున, రాష్ట్రం మొత్తానికి నాలుగున్నర లక్షల యిళ్ళు, 22,500 కోట్ల రూపాయలు అన్నారు. 2024 డిసెంబరులో సర్వే కోసం ఒక యాప్ విడుదలైంది. పంచాయతీ కార్యదర్శి దరఖాస్తుదారు గుమ్మం ముందు నిలబడి గోడ ఫోటో, కప్పు ఫోటో, స్థలం ఫోటో తీసుకుపోయాడు. ఆ పిమ్మట మూడు జాబితాలు తయారైనాయి. స్వంత స్థలం వుండి యిల్లు లేనివారు మొదటి జాబితా. స్థలమూ యిల్లూ రెండూ లేనివారు రెండవ జాబితా. మిగిలినవారు మూడవ జాబితా. తొలి విడత యిళ్ళు మొదటి జాబితా వారికి.

యీ వరుసను మరొకసారి చదవండి. యేమీ లేనివాడు రెండవవాడు! అన్నం వడ్డించేవాడు విస్తరి తెచ్చుకున్నవాళ్ళను ముందు కూర్చోబెట్టినట్టుంది. అధికారులకు యిందులో తర్కం లేకపోలేదు: స్థలం వున్నవాడికి డబ్బిస్తే పని వెంటనే మొదలవుతుంది, లెక్కకు యిళ్ళు కనబడతాయి; స్థలం లేనివాడికి ముందు స్థలం కొనాలి, పంచాలి, అందుకు యెవరి భూమినో ముట్టుకోవాలి. ఆ ముట్టుకోవటమే యిక్కడ అసలు చిక్కు. యీ మండలం పాలేరు నియోజకవర్గంలోనిది. 2023 డిసెంబరు నుంచి గృహనిర్మాణ శాఖ మంత్రి పొంగులేటి శ్రీనివాసరెడ్డి గెలిచింది యిక్కడినుంచే. కనుక యిక్కడి కాగితం యెక్కడో పైన చిక్కుకుపోయిందనే సాకు చెల్లదు. చిక్కు నిబంధనలోనే వుంది.

స్థలం కాగితం అంటే యేమిటో కాలేజీ గదిలో కూర్చున్నవారికి తేలికగా తోస్తుంది. వూరి నడుమ గ్రామకంఠం అని వుంటుంది. తరతరాలుగా జనం అక్కడే పుడుతున్నారు, అక్కడే పోతున్నారు. దానికి పాసుబుక్కు లేదు. తాత పేరు మీద పంచాయతీ యింటిపన్ను రసీదు ఒకటి వుంటే వుంటుంది. ముగ్గురు కొడుకులు, యేడుగురు మనుమలు అదే దొడ్డిని పంచుకుని పందిళ్ళు వేసుకుంటారు. పంపకం నోటిమాట. యిప్పుడు పథకం యిల్లు ఆడమనిషి పేరున యిస్తామంటుంది. మంచిమాటే, దాన్ని నేను మనసారా సమర్థిస్తాను. కాని స్థలం మామ తండ్రి పేరున వున్నప్పుడు కోడలి పేరున యిల్లు యెట్లా? నేను కాగితాలు నింపిన ఒక తండాలో యిట్లాంటి కోడళ్ళే యెక్కువ. వాళ్ళు ‘స్వంత స్థలం’ అన్న గడిలో అవును అని రాయాలా, లేదు అని రాయాలా? అవును అంటే రుజువు అడుగుతారు. లేదు అంటే రెండవ జాబితా. ఆ ఒక్క గడి దగ్గర మా విద్యార్థులు అరగంట ఆగిపోయేవారు. 2025 భూభారతి చట్టంలో ఆబాదీకి కూడా హక్కుల రికార్డు రాస్తామని వుంది. రాస్తే సంతోషమే. రాసేదాకా ఆ కోడలు యే జాబితాలో వుండాలన్నదే ప్రశ్న.

పట్టా వున్నా యిల్లు పాతది కాకపోతే కుదరదు. యిక్కడ మరొక విచిత్రం. కేంద్ర ప్రభుత్వపు గ్రామీణ ఆవాస్ పథకం 2011 సామాజిక ఆర్థిక సర్వే మీద నిలబడింది. ఆ సర్వే లెక్కలో సిమెంటు రేకుల కప్పు పక్కా కప్పు. యెండాకాలంలో ఆ రేకుల కింద మధ్యాహ్నం పూట కూర్చుని చూసినవాడు యెవడూ ఆ నిర్వచనం రాయడు. పదమూడు అనర్హతలు పెట్టారు: మోటారుసైకిలు వుంటే అనర్హుడు, ఫ్రిజ్ వుంటే అనర్హుడు, గోడకు టెలిఫోను తీగ వుంటే అనర్హుడు, యింట్లో ఒక్కరు నెలకు పదివేలు మించి సంపాదిస్తే అనర్హుడు. మా మండలం నుంచి రోజూ పొద్దున్నే ఖమ్మం పోయి మేస్త్రీ పని, సెంట్రింగు పని చేసే కుర్రవాళ్ళు వందలమంది. పరుల యిళ్ళు కట్టటానికి పోవాలంటే మోటారుసైకిలు కావాలి. మోటారుసైకిలు వుంటే తనకు యిల్లు లేదు. 2024లో బైకునూ, ఫ్రిజ్‌నూ అనర్హతల నుంచి తీసేశారు, ఆదాయ పరిమితి పదిహేను వేలు చేశారు. యెనిమిదేళ్ళు పట్టింది యీ యింగితానికి. యింతా చేసి ఆ పథకం కింద యిచ్చేది మైదానంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతాల్లో 1,30,000. తక్కినది కావాలంటే బ్యాంకులో 70,000 దాకా అప్పు తెచ్చుకోవచ్చునని రాసి పెట్టారు.

యీ బ్యాంకు అప్పు సంగతి కూడా చెప్పవలసి వుంది. 1972 నుంచి దేశంలో నాలుగు శాతం వడ్డీకి పేదలకు అప్పిచ్చే పద్ధతి ఒకటి కాగితం మీద బ్రతికే వుంది. 2007లో సవరించిన పరిమితుల ప్రకారం దానికి అర్హుడు కావాలంటే గ్రామంలో కుటుంబ ఆదాయం యేడాదికి 18,000 రూపాయలు మించరాదు. అంటే నెలకు పదిహేను వందలు. యింటికోసం యిచ్చే మొత్తం 20,000. ఆ డబ్బుతో మరుగుదొడ్డి కూడా లేవదు. తక్కిన యింటి అప్పులకు బ్యాంకు అడిగేవి అందరికీ తెలుసు: రిజిస్టరు దస్తావేజు, దాని వెనుక లింకు దస్తావేజులు, యెన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, ఆమోదం పొందిన ప్లాను, జీతం చీటీ. యివి వున్నవాడు పట్నంలో ఫ్లాటు కొంటాడు. అసైన్డు స్థలం పట్టా తీసుకుపోతే, “యిది అమ్మరాని భూమి, తాకట్టు పనికిరాదు” అంటారు. 1977 అసైన్డు భూముల చట్టం ప్రైవేటు అమ్మకాలను నిషేధించింది గాని, షెడ్యూలు బ్యాంకుకు తాకట్టు పెట్టటానికి అడ్డు చెప్పలేదు. చట్టం వూరుకున్నా గుమాస్తా వూరుకోడు.

యిక మళ్ళీ అయిదు లక్షల సాయం దగ్గరికి వద్దాం. జాబితాలో పేరు వచ్చి, మంజూరు పత్రం చేతికి అందిన అదృష్టవంతుడి కథ యిది. డబ్బు నాలుగు విడతలుగా వస్తుంది. మొదటి లక్ష యెప్పుడు? పునాది లేచి, దాని ఫోటో యాప్‌లో యెక్కిన తరువాత. గోడలు లేచాక రెండవది, స్లాబు పడ్డాక మూడవది, అంతా పూర్తయ్యాక చివరిది. యిల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 మించరాదు. పునాది తవ్వాలంటే ముందు వున్న గుడిసె పీకాలి. యెందుకంటే స్థలం అదొక్కటే. గుడిసె పీకిన రోజునుంచి కుటుంబం టార్పాలిను కింద. ఇసుక, కంకర, సిమెంటు, యినుము, మేస్త్రీ కూలి — వీటికి పైకం యెవరు పెట్టాలి? కూలివాడి దగ్గర నిల్వ లేదు. వూళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి యిచ్చేవాడు వున్నాడు. లక్ష తెస్తే నెలకు మూడు వేలు. బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే పద్ధెనిమిది వేలు. ఆ లోపల గోడలకు యింకొక లక్ష. సిమెంటు కొట్టువాడు ఖాతా పెడతాడు, కాని ఖాతా ధర వేరు, రొక్కం ధర వేరు. చివరికి యిల్లు లేస్తుంది, గోడమీద పథకం పేరు రాస్తారు. ఆ యింటికి నిజంగా పెట్టుబడి పెట్టినవాడి పేరు మాత్రం గోడమీద వుండదు. ప్రాంసరీ నోటు మీద వుంటుంది.

“యిల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న సామెత సంసారులను హెచ్చరించటానికి పుట్టింది. ప్రభుత్వం దాన్ని పథకం నిబంధనగా మార్చివేసింది.

యిది నా అతిశయోక్తి అనుకునేవారికి ప్రభుత్వమే సాక్ష్యం. మంజూరైన వాళ్ళలో చాలామంది పునాది వేయలేక ఆగిపోతున్నారని గ్రహించి, 2025లో మహిళా సంఘాల ద్వారా వాళ్ళకు లక్ష రూపాయల దాకా అప్పు యిప్పించే యేర్పాటు చేశారు. షావుకారు వడ్డీకంటే సంఘం వడ్డీ మేలు, నేను కాదనను. కాని దాని అర్థమేమిటో చూడండి: ఉచిత సాయం అందుకోవటానికి ముందు అప్పు తీసుకోవాలి. వూరివాళ్ళు దాన్ని ‘లోను’ అనటంలో తప్పు యెక్కడుంది? మొదటి లక్షను పునాదికి ముందే యివ్వటానికి అడ్డమేమిటని ఒక ఉద్యోగిని అడిగితే, “యిస్తే తాగేస్తారండీ” అన్నాడు. అనేక వేల కోట్ల బ్యాంకు అప్పులు యెగవేసినవారి విషయంలో యీ దేశం యిటువంటి జాగ్రత్త పడినట్టు నేను వినలేదు.

యీ రోగం నిన్న పుట్టింది కాదు. రెండవ ప్రణాళిక కాలంలో, 1957లో, కేంద్రం గ్రామ గృహనిర్మాణ పథకం పెట్టింది. యింటికి 5,000 రూపాయల దాకా అప్పు. అయిదవ ప్రణాళిక ముగిసి 1980 వచ్చేసరికి ఆ పథకం కింద దేశమంతటా లేచిన యిళ్ళు 67,000. అయిదున్నర లక్షలకు పైగా గ్రామాలున్న దేశంలో యెనిమిది వూళ్ళకు ఒక యిల్లు! అప్పుకు హామీ చూపగలవాడికి ఆ అప్పు అవసరం లేదు, అవసరమైనవాడి దగ్గర హామీ లేదు. 1979లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వచ్చింది. హడ్కో దగ్గర అప్పు తెచ్చి, కొంత సబ్సిడీ, కొంత అప్పు అంటూ బలహీనవర్గాల కాలనీలు కట్టింది. 1985లో కేంద్రం యిందిరా ఆవాస్ మొదలుపెట్టింది. 2006లో వై.యస్. ప్రభుత్వం యిందిరమ్మ అన్నది. లేని యిళ్ళకు బిల్లులు తిన్నారన్న ఆరోపణల మీద 2014లో తెలంగాణ ప్రభుత్వం సి.ఐ.డి. విచారణకు ఆదేశించింది. 2015లో డబుల్ బెడ్‌రూమ్ వచ్చింది. నిజం చెప్పాలంటే సూత్రంలో యిది తక్కినవాటికన్నా మెరుగు: 560 చదరపు అడుగుల యిల్లు, పేదవాడు పైసా పెట్టనక్కరలేదు, అప్పు లేదు. కాని గ్రామంలో యింటికి 5,04,000 రూపాయల రేటుకు కాంట్రాక్టర్లు చాలాచోట్ల ముందుకే రాలేదు. వూరికి పదో పరకో యిళ్ళు, వందల చేతులు. 2023లో అదే ప్రభుత్వం మళ్ళీ వెనక్కి తిరిగి, స్వంత స్థలం వున్నవారికి మూడు లక్షలిచ్చే గృహలక్ష్మి పట్టుకుంది. 2024 మొదట్లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దుచేసింది. పేర్లు మారాయి, గోడల రంగులు మారాయి. స్థలం నీదేనా అన్న ప్రశ్న మారలేదు.

అమెరికాలో యీ తంతు వేరే విధంగా వుంటుంది. అక్కడ 1949 గృహనిర్మాణ చట్టం కింద వ్యవసాయశాఖ పల్లెల్లో యిళ్ళకు అప్పిస్తుంది, కొన్నిటికి హామీ పడుతుంది. యే చిరునామాలోని యిల్లు యీ అప్పుకు తగినదో పటంలో చూసుకోవచ్చు. తక్కువ ఆదాయం వారికి ముందు సొమ్ము అక్కరలేదు, 33 యేళ్ళ గడువు, రాయితీలన్నీ పోతే వడ్డీ ఒక శాతం దాకా దిగవచ్చు. అది స్వర్గమని నేను అనటం లేదు. అదే శాఖ వ్యవసాయ రుణాలలో నల్లజాతి రైతులకు చేసిన అన్యాయం కోర్టుకెక్కి 1999లో రాజీ పడవలసి వచ్చింది. అయినా పెట్టుబడిదారీ దేశాల్లో శిఖరమనిపించుకున్నచోట కూడా, పేదవాణ్ణి ముందు నీ డబ్బుతో పునాది వేసి ఫోటో పంపమనటం లేదు. మన పాలకులు అక్కడినుంచి యాప్‌ను మాత్రం నేర్చుకున్నారు.

2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగింది. మా మండలంలోని రాకాసి తండాలోకి రాత్రికి రాత్రి నీళ్ళు వచ్చాయి. మనుషులు డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. సామాను, గొడ్లు, ధాన్యం, సర్టిఫికెట్లు పోయాయి. వరద తీసిన తరువాత బురదలోంచి గిన్నెలతో పాటు కాగితాలు యేరుకుంటున్న వాళ్ళను చూసి నాకు తోచిన ఆలోచన యిదే: రుజువు అడిగే గుమాస్తా యిప్పుడు యే రుజువు అడుగుతాడు? నది ఒడ్డున వున్న యిల్లు పక్కా యిల్లే కావచ్చు, దాని కప్పు స్లాబే కావచ్చు. జల్లెడ దాన్ని ‘యిల్లున్నవాడు’ అని చదువుతుంది. వచ్చే వరదను చదివే గడి ఆ దరఖాస్తులో లేదు.

పథకం ప్రారంభించిన భద్రాచలం వేదిక నుంచి కొద్ది దూరం అడవిలోకి పోతే జాబితా అనేదే అదృశ్యమౌతుంది. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మంటలకు పారిపోయి వచ్చిన గుత్తికోయలు గోదావరి కిరుపక్కలా రిజర్వు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మిరప చేలకు కూలి కావలసి వచ్చినప్పుడు వాళ్ళు మనుషులు. యిల్లు అడిగినప్పుడు ఆక్రమణదారులు. 2017లో ములుగు వైపు జలగలంచలో అటవీ సిబ్బంది వాళ్ళ గుడిసెలు పీకివేశారు. 2006 అటవీహక్కుల చట్టం సాగుకే గాక నివాసానికి కూడా హక్కు వుందని మొదటి హక్కుగానే రాసింది. కాని 2005 డిసెంబరు 13కు ముందునుంచి వుండాలన్న గీత ఒకటి గీసింది. ప్రాణభయంతో పరిగెత్తేవాడు తేదీ చూసుకుని పరిగెత్తడు కదా! వీరి సంఖ్య యెంత, వీరి పౌరహక్కు యే రాష్ట్రానిది అన్న ప్రశ్నలు వేరే వ్యాసానికి చెందినవి. యిక్కడ నేను అనేది యింతే: మైదానంలో గ్రామకంఠపు కోడలినీ, అడవిలో గుత్తికోయనూ బయటకు తోసే నిబంధన ఒక్కటే. మట్టి మీద కాగితం లేనివాడు యింటికి తగడు.

యిప్పుడు ఏంగెల్సు మిత్రుల దగ్గరికి. ‘నివాస సమస్య’ వ్యాసాలు 1872–73లో ప్రూధోన్ శిష్యులకు జవాబుగా రాసినవి. కార్మికుడికి చిన్న యిల్లూ, చిన్న తోటా స్వంతం చేసి యిస్తే విముక్తి వస్తుందన్న వాదాన్ని ఆయన చీల్చి చెండాడాడు. యెందువల్ల? ఆ యిల్లూ ఆ తోటా కార్మికుణ్ణి ఒకే చోటికి కట్టివేస్తాయి, కూలి తగ్గించినా కదలలేడు. 1887 ముందుమాటలో జర్మన్ గ్రామీణ కుటీర పరిశ్రమల ఉదాహరణతో యిదే మాట మరింత గట్టిగా చెప్పాడు. మన మిత్రులు అక్కడి నిర్ణయాన్ని తీసుకున్నారు, ఆ నిర్ణయానికి దారితీసిన పద్ధతిని వదిలేశారు. ఆస్తి బంధంగా మారిన చోట ఆయన ఆస్తిని విమర్శించాడు. మన వూళ్ళలో మనిషిని కట్టివేస్తున్నది యిల్లు వుండటమా, లేకపోవటమా? ఆసామి చెలకలో గుడిసె వేసుకున్న కూలీ ఆ ఆసామి చేలోనే ముందు పనికి పోవాలి. కూలి పెంచమని అడిగిన మరునాడు గుడిసె తీయమంటాడు. యెన్నికలనాడు యెటు వేయాలో నేల యెవరిదో వాడే చెబుతాడు. గడీ పోయిందని మనం పాఠాల్లో చెబుతున్నాం. గుడిసె కింది నేల గడీదే అయిన చోట్లు యింకా వున్నాయి. అటువంటివాడికి నాలుగు సెంట్ల నేల సంకెల కాదు, నోరు తెరవటానికి కాలు మోపే చోటు.

యీ జిల్లా ప్రజలు యీ సంగతిని మనకంటే ముందే తెలుసుకున్నారు. 2007 జూలై 28న, మా మండలానికి దగ్గరే వున్న ముదిగొండలో, భూమి కోసం, యిళ్ళ స్థలాల కోసం ఆందోళన చేస్తున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. యేడుగురు చనిపోయారు. యిందిరమ్మ పేరుతో మూడేళ్ళలో అందరికీ యిళ్ళన్న వాగ్దానం అప్పటికి సంవత్సరం దాటింది. డబ్బిస్తామన్న ప్రభుత్వమే స్థలం అడిగితే తూటా యెందుకు పేల్చింది? డబ్బివ్వటం వల్ల యెవరి ఆస్తీ కదలదు, స్థలమివ్వటం వల్ల కదులుతుంది గనుక. జాబితాల వెంట తిరగటం సంస్కరణవాదం అనేవారు ముదిగొండ స్థూపం ముందు నిలబడి ఆ మాట మళ్ళీ చెప్పగలరా?

చేయదలిస్తే చేయవచ్చుననటానికి కేరళ వుంది. 1970 జనవరి 1 నుంచి అమలైన భూసంస్కరణ సవరణ చట్టం, యెవరి భూమిలో గుడిసె వుందో ఆ గుడిసె చుట్టూ గ్రామంలో పది సెంట్ల దాకా కుడికిడప్పుకారుకు హక్కుగా యిచ్చింది. ఆ తరువాత 1972లో కమ్యూనిస్టు మంత్రి యం.యన్. గోవిందన్ నాయర్ లక్ష యిళ్ళ పథకం మొదలుపెట్టాడు. లక్ష పూర్తికాలేదు, కట్టినవాటిలో లోపాలున్నాయి. అయినా వరుస గమనించండి: ముందు నేల, తరువాత గోడ. మనకూ అటువంటి చట్టం లేకపోలేదు. 1976లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరుల భూమిలో నివాసమున్న వ్యవసాయ కూలీలకు ఆ నివాస స్థలంపై యాజమాన్యం కల్పించే చట్టం చేసింది. నా సహోద్యోగులలో, వూళ్ళో సర్పంచులలో, దరఖాస్తులు పరిశీలించిన ఉద్యోగులలో ఆ చట్టం పేరు విన్నవాడు ఒక్కడూ నాకు తటస్థపడలేదు. చట్టం వున్నదని కూలివాడికి యెవరు చెప్పాలి? చదువుకున్నవాళ్ళం మనం యెందుకున్నాం?

2025 జనవరి 21 నుంచి 24 వరకు గ్రామసభలు జరిగాయి. జాబితాలు చదివారు, పేరు లేనివాళ్ళు కేకలు వేశారు, పోలీసులు నిలబడ్డారు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండన్నారు. ఆ సభలో అందరూ తమ పేరు యెందుకు లేదని అడిగారు, అది సహజం. రెండవ జాబితాకు స్థలం యెక్కడినుంచి, యెప్పటిలోగా అని అడిగే గొంతు నేనున్న సభలో లేవలేదు. ఆ ప్రశ్న ఒంటరి మనిషి అడగలేడు. దానికి సంఘం కావాలి, లెక్క కావాలి. వూళ్ళో ప్రభుత్వ భూమి యెంత, భూదానం కింద వచ్చినది యెంత, అది యెవరి స్వాధీనంలో వుంది, రెండవ జాబితాలో పేర్లెన్ని, మంజూరై పునాది దగ్గర ఆగినవి యెన్ని, వాటికి యెవరి దగ్గర యెంత వడ్డీకి తెచ్చారు — యీ వివరాలు యే యాప్‌లోనూ ఒకచోట లేవు.

వేసవి సెలవుల్లో మా విద్యార్థులు పన్నెండుమంది తిరుమలాయపాలెం మండలంలో తండావారీగా యీ లెక్క తీయటానికి ఒప్పుకున్నారు. మొదటి విడత అచ్చయ్యేదాకా పేదవాడు డబ్బు పెట్టరాదని, మొదటి లక్ష పునాదికి ముందే యివ్వాలని, రెండవ జాబితాను మొదటి జాబితా చేయాలని, 1976 చట్టం కింద దరఖాస్తులు స్వీకరించాలని నాలుగు కోర్కెలతో ఒక పత్రం తయారుచేశాం. కూసుమంచి, నేలకొండపల్లి, యిల్లందు, పాల్వంచ, చర్ల ప్రాంతాల అధ్యాపక మిత్రులు తమ తమ మండలాల్లో రెండవ జాబితాలను చేతితో నకలు రాసుకుని, పేరు పక్కన ఆ గుడిసె యెవరి నేలమీద వుందో కూడా రాసి పంపవలసిందిగా కోరుతున్నాను. మా దగ్గరవున్న వుత్తరువుల నకళ్ళు అడిగినవారికి పంపుతాం.